కాపలా లేని గుమ్మం

వానాకాలం మొదలయ్యాక సింహాచలం కొండవాలులో ఏ పనస చెట్టు కిందికైనా వెళ్లి, రాలిన ఆకులు పక్కకు తీసి చూడండి. కుళ్లిన పండులోంచి జారిపడ్డ గింజ ఒకటో రెండో మొలకెత్తి కనిపిస్తాయి. మట్టిలో చీకట్లో ఉన్నంతసేపు మొలక పాలిపోయి, సన్నగా, పైకి సాగడమే పనిగా పెట్టుకుంటుంది. తల బయటపెట్టి వెలుతురు తగిలిందా, సాగడం తగ్గుతుంది, కాండం గట్టిపడుతుంది, ఆకులు విచ్చుకుని పచ్చబడతాయి. పనస గింజ దాకా వెళ్లక్కర్లేదు. ఇంట్లో తడిగుడ్డలో మూటగట్టిన పెసలదీ ఇదే వరస. మూటలో తెల్లటి మొలకలు, కిటికీలో పెడితే పచ్చటి మొక్కలు.

కళ్లు లేని మొక్కకు వెలుతురు సంగతి ఎవరు చెప్పారు? దాని కణాల్లో ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ ఉంటుంది. చీకట్లో అది కణద్రవ్యంలో, అంటే కేంద్రకం బయట, ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఎర్రని కాంతి తగిలితే దాని ఆకారం మారుతుంది. ఆకారం మారిన ఫైటోక్రోమ్ కేంద్రకంలోకి వెళ్తుంది. అందులో ఎ రకం నిమిషాల్లో వెళ్లిపోతుంది, బి రకానికి గంటలు పడుతుంది. లోపల, కాండాన్ని సాగదీసే జన్యువులను పనిచేయిస్తున్న ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. వచ్చిన ఫైటోక్రోమ్ వాటిని నాశనం చేయిస్తుంది. ఇదే సమయంలో ఎదురుదిశలో ఇంకో ప్రయాణం సాగుతుంది. చీకట్లో కేంద్రకంలో కూర్చుని, పచ్చబడడానికి కావలసిన ప్రోటీన్లను ముక్కలు చేయిస్తున్న కాప్1 అనే ప్రోటీన్ వెలుతురు వచ్చాక బయటికి తరలిపోతుంది. ఆవ మొక్కకు బంధువైన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఈ తరలింపును 1994లో ఫాన్ ఆర్నిమ్, డెంగ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు.

తల్లిచెట్టు నీడలో పడ్డ మొలకకు మరో చిక్కు ఉంది. పనస ఆకులు ఎర్రని కాంతిని పీల్చుకుని, కంటికి సరిగా కనబడని దూరపు ఎరుపును మాత్రం కిందికి వదులుతాయి. ఆ దూరపు ఎరుపు ఫైటోక్రోమ్‌ను మళ్లీ పాత ఆకారానికి తిప్పేస్తుంది. దాంతో చాలా మొక్కలు నీడలోంచి తప్పించుకోవడానికి మళ్లీ సాగడం మొదలుపెడతాయి.

అంటే వెలుతురు వచ్చిందన్న కబురు జన్యువులకు అందడానికి మొదట జరగాల్సింది ఇదే: ఒక ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లాలి, మరొకటి బయటికి రావాలి. మొక్కలోనే కాదు, మన కాలేయంలో, మెదడులో, రక్తకణాల్లో కూడా ఇలాంటి రాకపోకలు క్షణక్షణం సాగుతున్నాయి. ఎవరు లోపలికి పోవాలో, ఎవరు బయటికి రావాలో, ఎప్పుడు ఆగాలో కణం ఎలా తేలుస్తుందన్నది ఈ అధ్యాయం విషయం. పాఠ్యపుస్తకాలు సాధారణంగా కేంద్రక రంధ్రాన్ని కాపలాదారుగా వర్ణిస్తాయి. ఆ వర్ణన తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. ఆ గుమ్మం దగ్గర ఎవరినీ ఎవరూ ఆపి అడగరు. అజమాయిషీ అంతా వేరేచోట జరుగుతుంది.

ముందు గుమ్మం సంగతి. కేంద్రకం చుట్టూ రెండు పొరల తొడుగు ఉంటుంది. 1950లో కాలన్, టామ్లిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉభయచరాల అండకణాల నుంచి కేంద్రకాలను బయటికి తీసి, వాటి తొడుగును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. తొడుగు నిండా గుండ్రటి రంధ్రాలు కనిపించాయి. మన కణాల కేంద్రకానికి ఇలాంటివి కొన్ని వేలు ఉంటాయి. కప్ప అండకణంలో కోట్లలో ఉంటాయి. ప్రతి రంధ్రమూ ఎనిమిది ఒకేలాంటి భాగాలు చక్రంలా అమరిన ఒక పెద్ద కట్టడం. దాని వెడల్పు సుమారు 120 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు పొడవున పక్కపక్కన పేరిస్తే ఎనిమిది వేలకు పైగా పడతాయి. మనకిది చిన్నదిగా తోచినా కణం లెక్కలో బ్రహ్మాండమైనది. ముప్పై రకాల ప్రోటీన్లు, అన్నీ కలిపి వెయ్యి దాకా, చేరితే ఒక్క రంధ్రం తయారవుతుంది. దాని కట్టడంలో ఏ ప్రోటీన్ ఎక్కడుందో దాదాపు పూర్తి పటం 2022 నాటికి గాని చేతికి రాలేదు.

ఈ రంధ్రాలు తొడుగులో ఊరికే తేలుతూ ఉండవు. లోపలి పొరకు ఆనుకుని లామిన్ అనే ప్రోటీన్ల అల్లిక ఒకటుంది, వాటిని పట్టి ఉంచేది అదే. హైదరాబాదులోని సీసీఎంబీలో వీణా పర్నాయక్ బృందం ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ లామిన్ల మీదే. లామిన్-ఎ జన్యువులో ఒక్క అక్షరం మారితే పసిపిల్లలకు ముసలితనం ముంచుకొచ్చే ప్రొజీరియా వస్తుందని 2003లో తేలింది. అలాంటి కణాల్లో కేంద్రకం రూపు చెడడమే కాక, రాకపోకలు కూడా దెబ్బతింటాయి.

ఇంత ఏర్పాటు కణానికి ఎందుకు? బాక్టీరియాకు కేంద్రకమే లేదు. దాని డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవుతూ ఉండగానే రైబోజోములు వచ్చి ప్రోటీన్ తయారీ మొదలుపెట్టేస్తాయి. మన జన్యువుల్లో అసలు సమాచారం మధ్య మధ్య పనికిరాని ముక్కలు ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ నుంచి వాటిని కత్తిరించి, మిగతాది అతికించాకే అది ప్రోటీన్ తయారీకి పనికొస్తుంది. కత్తిరింపు పూర్తికాక ముందే రైబోజోము అందుకుంటే తయారయ్యేది చెత్తే. రాయడం, దిద్దడం లోపల, తయారీ బయట. ఈ విభజన వల్ల వచ్చే ఇబ్బంది కూడా తక్కువేమీ కాదు. ప్రోటీన్లన్నీ బయటే తయారవుతాయి కాబట్టి కేంద్రకానికి కావలసిన ప్రతి ప్రోటీనూ బయటి నుంచి రావలసిందే. కణం విభజనకు ముందు తన డీఎన్‌ఏని రెట్టింపు చేసుకునే సమయంలో ఆ దారాన్ని చుట్టడానికి హిస్టోన్ అనే ప్రోటీన్లు మూడు నిమిషాలకు దాదాపు పది లక్షలు కావాలి. రైబోజోము కథ ఇంకా విచిత్రం. దాని ప్రోటీన్లు బయట పుట్టి, లోపలికి వెళ్లి, అక్కడ ఆర్‌ఎన్‌ఏతో కలిసి సగం సగం ముక్కలుగా తయారై, మళ్లీ బయటికి వస్తే గాని పనికి దిగవు.

ఇప్పుడు రంధ్రం నడిమధ్యకు వద్దాం. అక్కడ ఖాళీ ఉండదు. రంధ్రం గోడల నుంచి పొడవాటి ప్రోటీన్ పోగులు వేలాడుతూ నడిమి దారినంతా నింపేస్తాయి. వీటికి స్థిరమైన ఆకారం లేదు, ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. వీటిలో ఫినైల్‌అలనైన్, గ్లైసిన్ అనే రెండు ఎమైనో ఆమ్లాల జంట మళ్లీ మళ్లీ వస్తుంది. ఫినైల్‌అలనైన్‌కు నీళ్లంటే గిట్టదు, నూనె గుణం దానిది. చిన్న అణువులు, అయాన్లు, చక్కెరలు ఈ పోగుల మధ్య నుంచి హాయిగా దూరిపోతాయి. చిన్న ప్రోటీన్లు కూడా మెల్లగా దాటగలవు. బరువు సుమారు 40 వేల డాల్టన్లు దాటేసరికి ప్రయాణం దాదాపు ఆగిపోతుంది. హైడ్రోజన్ పరమాణువు బరువు ఒక డాల్టన్ అనుకుని లెక్క వేసుకోండి.

ఈ పోగులు లోపల చిక్కటి జిగురులా అల్లుకుని ఉంటాయా, విడివిడిగా ఊగుతూ అడ్డొచ్చినదాన్ని తోసేస్తాయా అని శాస్త్రవేత్తల మధ్య ఇరవై ఏళ్లుగా వాదన నడుస్తోంది. 2006లో జర్మనీలో డిర్క్ గోర్లిక్ బృందం ఈ పోగులను పరీక్షనాళికలో విడిగా తయారుచేస్తే అవి నిజంగానే జెల్లీలా గడ్డకట్టాయి. అటు పక్షం వారు కణంలో అలాగే ఉంటుందన్న నమ్మకం ఏమిటని అడుగుతూనే ఉన్నారు. మన కథకు ఆ తీర్పుతో పని లేదు. ఏ పక్షం నెగ్గినా ఒక్క మాట నిలుస్తుంది: ఆ పోగులతో పొత్తు కుదిరినది దాటుతుంది, కుదరనిది ఆగుతుంది.

మరి 40 వేల డాల్టన్లకు మించినవి ఎలా వెళ్తున్నాయి? 1982లో కేంబ్రిడ్జిలో కాలిన్ డింగ్‌వాల్, రాన్ లాస్కీ బృందం కప్ప గుడ్లలోని న్యూక్లియోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌ను తీసుకున్నారు. దానికి అయిదు తలలు, అయిదు తోకలు. దాన్ని కప్ప అండకణపు కణద్రవ్యంలోకి ఎక్కిస్తే చక్కగా కేంద్రకంలోకి చేరింది. తోకలు కత్తిరించి తలలు మాత్రం ఎక్కిస్తే బయటే ఉండిపోయింది. నాలుగు తోకలు కత్తిరించి ఒక్కటి మిగిల్చినా మళ్లీ లోపలికి వెళ్లింది. రెండేళ్లకు అమెరికాలో కార్ల్ ఫెల్డర్ దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లాడు. బంగారపు అతి సూక్ష్మ రేణువులకు న్యూక్లియోప్లాస్మిన్ పూత పూసి అండకణంలోకి ఎక్కించాడు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో బంగారం నల్లటి చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చుక్కలు రంధ్రాల నడుమ వరసగా, దాటుతూ దాటుతూ దొరికిపోయాయి.

ఇలా దారి చూపే ముక్కలో ఏముంటుందో కూడా 1984లోనే లండన్‌లో తేలింది. ఎస్‌వీ40 అనే కోతుల వైరస్‌కు చెందిన ఒక ప్రోటీన్‌లో డేనియల్ కాల్డెరాన్, అలన్ స్మిత్ తదితరులు ఏడు ఎమైనో ఆమ్లాల వరసను పట్టుకున్నారు: ప్రోలిన్, లైసిన్, లైసిన్, లైసిన్, ఆర్జినిన్, లైసిన్, వాలిన్. ఎక్కువ భాగం ధనావేశం ఉన్నవే. వాటిలో ఒక్క లైసిన్‌ను మార్చినా ఆ ప్రోటీన్ బయటే మిగిలిపోయింది. ఈ ఏడింటిని కేంద్రకంతో ఎలాంటి సంబంధం లేని వేరే ప్రోటీన్‌కు తగిలిస్తే అది బుద్ధిగా లోపలికి వెళ్లింది. ఇప్పుడు ఏ జీవశాస్త్ర ప్రయోగశాలలోనైనా దీన్ని కళ్లారా చూడొచ్చు. జెల్లీ చేప నుంచి వచ్చిన, ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ బరువు 27 వేల డాల్టన్లు. రంధ్రాన్ని తనంతట తానే దాటగలదు కాబట్టి దాన్ని కణంలో పెడితే కణమంతా ఒకే తీరున పచ్చగా వెలుగుతుంది. దానికి ఈ ఏడు ఎమైనో ఆమ్లాలను అతికించి పెడితే, చుట్టూ చీకటి, మధ్యలో కేంద్రకం ఒక్కటే పచ్చటి బొట్టులా మెరుస్తుంది.

దీన్ని ప్రవేశ సంకేతం అందాం. ఇది లోపలికి చేరాక తెగిపోదు. కణం విభజన చెందేటప్పుడు కేంద్రకం తొడుగు కరిగిపోయి లోపలి ప్రోటీన్లన్నీ చెల్లాచెదురవుతాయి. కొత్త కేంద్రకం కట్టుకున్నాక వాటన్నిటికీ అదే సంకేతంతో మళ్లీ ప్రవేశం కావాలి. బయటికి రావాల్సిన ప్రోటీన్లకు ఇలాగే నిష్క్రమణ సంకేతం ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చాక, రంధ్రమే ఆ సంకేతాన్ని చదివి దారి ఇస్తుందని అనుకోవడం సహజం. 1990లో కాలిఫోర్నియాలో లారీ గెరేస్ బృందం చేసిన ప్రయోగం ఆ ఊహను చెరిపేసింది. డిజిటోనిన్ అనే మొక్కల మందు కణం బయటి పొరకు చిల్లులు పెడుతుంది గాని కేంద్రకం తొడుగు జోలికి వెళ్లదు. కారణం, బయటి పొరలో కొలెస్టరాల్ ఎక్కువ, ఈ మందు పట్టుకునేది దాన్నే. అలా చిల్లులు పెట్టి కణద్రవ్యం కడిగేశారు. కేంద్రకం చెక్కుచెదరలేదు, రంధ్రాలు ఎక్కడివక్కడ ఉన్నాయి, సంకేతమున్న ప్రోటీన్ బోలెడంత ఉంది. ఒక్కటీ లోపలికి పోలేదు. కడిగేసిన కణద్రవ్యాన్ని, శక్తినిచ్చే అణువులను తిరిగి పోస్తే మళ్లీ పోవడం మొదలైంది. అంటే సంకేతాన్ని చదివేది రంధ్రం కాదు, కణద్రవ్యంలో కరిగి ఉన్నదేదో. దాని కోసం జరిగిన వేటలో గోర్లిక్ 1994లో పట్టుకున్నదే ఇంపోర్టిన్.

సింహాచలం కొండ దిగి, గోపాలపట్నం దాటి పోర్టు వైపు వెళ్లే విశాఖ వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. 1933లో మొదలైన మన పోర్టు లోపలి హార్బరులోకి దారి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా పోయే ఇరుకు కాలువ. వచ్చిన ఓడ బయట సముద్రంలోనే ఆగాలి. పోర్టు పైలట్ లాంచీలో వెళ్లి ఓడెక్కి, దాన్ని కాలువ దాటించి, బెర్తుకు చేర్చి, దిగిపోతాడు. తర్వాత బయటికి పోయే ఓడ ఎక్కుతాడు. ఇంపోర్టిన్‌ది అచ్చం ఆ పనే. దానిలో ఆల్ఫా భాగం సరుకు మీది సంకేతాన్ని పట్టుకుంటుంది. బీటా భాగానికి ఒంటి నిండా ఫినైల్‌అలనైన్ ఇమిడే చిన్న చిన్న గుంటలుంటాయి, కాబట్టి పోగులతో దానికి పొత్తు. సరుకును మోసుకుని కొన్ని మిల్లీసెకన్లలో దాటేస్తుంది. ఇలాంటి వాహకాలకు ఒక్క రంధ్రంలో సెకనుకు వెయ్యి దాకా రాకపోకలు సాధ్యమని గోర్లిక్ బృందం 2001లో లెక్కగట్టింది.

పోలిక ఇక్కడితో ఆపాలి. పైలట్‌కు ఏ ఒడ్డు ఎటుందో తెలుసు. ఇంపోర్టిన్‌కు ఏమీ తెలియదు. పోగుల మధ్య అది ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంది. లోపలికి తొంగిచూసి మళ్లీ బయటికే జారిపోవడమూ మామూలే. పోగులు దాన్ని ఏ దిశకూ తొయ్యవు. రంధ్రంలో శక్తి ఖర్చయ్యే యంత్రం ఏదీ ఈ పనికి లేదు. మరి సరుకంతా ఒకే వైపు ఎలా పోగవుతోంది?

జవాబు రాన్ అనే చిన్న ప్రోటీన్‌లో ఉంది. 1993లో మేరీ మూర్, గుంటర్ బ్లోబెల్ దీని పాత్రను బయటపెట్టారు. ప్రోటీన్లకు తామెక్కడికి చేరాలో చెప్పే సంకేతాలు తమలోనే ఉంటాయని చూపినందుకు 1999లో నోబెల్ అందుకున్నది ఈ బ్లోబెలే. రాన్ రెండు స్థితుల్లో ఉంటుంది. జీటీపీ అనే అణువును పట్టుకుని ఒక స్థితి. ఆ జీటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు తెగి జీడీపీగా మారాక మరో స్థితి. మొదటిదాన్ని ఛార్జయిన రాన్ అందాం. రాన్‌ను ఛార్జి చేసే ప్రోటీన్ పేరు ఆర్‌సీసీ1. అది డీఎన్‌ఏ చుట్టిన హిస్టోన్లకు అంటుకుని ఉంటుంది. అంటే కచ్చితంగా కేంద్రకంలోనే ఉంటుంది. ఛార్జి దించే ప్రోటీన్ రాన్‌గాప్. అది కణద్రవ్యంలో ఉంటుంది. మన కణాల్లోనైతే అందులో కొంత రంధ్రపు బయటి అంచుకే కట్టేసి ఉంటుంది. ఫలితంగా లోపలి రాన్‌లో ఎక్కువ భాగం ఛార్జయినదే. బయటికి రాగానే దించేస్తారు. రెండు వైపులకూ మధ్య తేడా వంద రెట్లకు పైనే.

ఇక మిగతాది దానంతట అదే జరిగిపోతుంది. సరుకుతో లోపలికి తొంగిచూసిన ఇంపోర్టిన్‌కు ఛార్జయిన రాన్ వచ్చి అంటుకుంటుంది. దాంతో ఇంపోర్టిన్ ఆకారం మారి సరుకు జారిపోతుంది. వెనక్కి తీసుకెళ్లే వాహకం లేదు కాబట్టి సరుకు లోపలే చిక్కుకుంటుంది. ఇంపోర్టిన్, రాన్ జంటగా బయటికి వస్తాయి. అక్కడ రాన్‌గాప్ ఛార్జి దించుతుంది, ఇంపోర్టిన్ విడిపోయి మరో సరుకు పట్టుకుంటుంది. నిష్క్రమణ సంకేతమున్న సరుకును బయటికి మోసే ఎక్స్‌పోర్టిన్లది దీనికి సరిగ్గా తలకిందులు. అవి ఛార్జయిన రాన్ ఉంటేనే సరుకును పట్టుకుంటాయి. బయటికి వచ్చి ఛార్జి దిగగానే సరుకు వదిలేస్తాయి. బయటికి వచ్చేసిన రాన్‌ను తిరిగి లోపలికి మోసుకెళ్లడానికి ఎన్‌టీఎఫ్2 అనే మరో చిన్న ప్రోటీన్ ఉంది. ఇంపోర్టిన్ ఆల్ఫాను వెనక్కి తేవడానికి ఒక ఎక్స్‌పోర్టిన్ ప్రత్యేకంగా ఉంది.

దిశ నిర్ణయించేది రాన్ తేడాయే అయితే, ఆ తేడాను తిరగేస్తే రవాణా కూడా తిరగబడాలి కదా? 1999లో మాక్సెన్స్ నాషురీ, కార్స్టెన్ వైస్ అదే చేసి చూశారు. కణద్రవ్యాన్ని ఛార్జయిన రాన్‌తో నింపేశారు. బయటికి రావాల్సిన సరుకు లోపలికి పోగవడం మొదలైంది. ఐదేళ్ల తర్వాత సూజన్ వెంటీ బృందం ఇంకో వైపు నుంచి వచ్చింది. ఈస్ట్ కణాల్లో రంధ్రపు పోగులను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోయారు. దాదాపు సగం తీసేసినా కణాలు బతికే ఉన్నాయి. రంధ్రానికి ఒక వైపే ఉండే పోగులన్నీ పీకేసినా సరుకు దిశ మారలేదు. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న ప్రయోగాలు ఈ రెండూ. గుమ్మానికి లోపలేదో, బయటేదో తెలియదు. అది తెలిసినది డీఎన్‌ఏకు అంటుకుని కూర్చున్న ఒక్క ఆర్‌సీసీ1కే.

శక్తి ఖర్చయ్యేది కూడా గుమ్మం దగ్గర కాదు, బయట రాన్ ఛార్జి దిగే చోట. ఒక విడత రవాణాకు ఒకటి రెండు జీటీపీలు. ఈ జీటీపీకి అన్న వరస అయ్యే ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసిన వారిలో ఒకరు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పని అది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. ఏటీపీలో ఎడెనిన్ ఉన్నచోట జీటీపీలో గ్వానిన్ ఉంటుంది. వెనక మూడు ఫాస్ఫేట్ల తోక రెంటికీ ఒక్కటే. కణం ఒకదాని ఫాస్ఫేటు రెండోదానికి ఇచ్చి సరిపెట్టుకుంటూ ఉంటుంది.

అన్ని ప్రోటీన్లకూ దారి ఎప్పుడూ తెరిచే ఉంటే మొలక చీకటికీ వెలుతురుకూ తేడా చూపలేదు. అందుకే కణం చాలాచోట్ల సంకేతాన్నే దాచిపెడుతుంది. మంటను, వాపును రేపే జన్యువులను నడిపే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌కు మామూలు రోజుల్లో ఐ-కప్పా-బి అనే మరొకటి అతుక్కుని దాని ప్రవేశ సంకేతాన్ని కప్పేస్తుంది. క్రిములు సోకితే ఐ-కప్పా-బి నాశనమవుతుంది. సంకేతం బయటపడి ఎన్‌ఎఫ్-కప్పా-బి లోపలికి వెళ్తుంది. అక్కడ అది చేయించే పనుల్లో ఒకటి, కొత్త ఐ-కప్పా-బి తయారీ. అలా పుట్టిన ఐ-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి ఎన్‌ఎఫ్-కప్పా-బిని పట్టుకుని బయటికి తీసుకొస్తుంది. తనను ఆపేవాణ్ని తానే పుట్టించుకునే ఏర్పాటు ఇది.

కోవిడ్ రోజుల్లో డెక్సామెథసోన్ పేరు వినని ఇల్లు లేదు. వెంటిలేటర్ మీదున్న రోగుల్లో అది మరణాలను సుమారు మూడో వంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష చూపింది. ఆ మందు కణంలోకి వెళ్లి, కణద్రవ్యంలో వేరే ప్రోటీన్ల పట్టులో ఉన్న ఒక గ్రాహకానికి అంటుకుంటుంది. అరగంటలోపే ఆ గ్రాహకం చాలావరకు కేంద్రకంలో చేరి, ఇందాకటి ఎన్‌ఎఫ్-కప్పా-బి పనికి అడ్డం పడుతుంది. బిళ్లలో ఉన్న మందు డీఎన్‌ఏను నేరుగా ముట్టుకోదు. అది చేసేదల్లా ఒక ప్రోటీన్‌కు ఊరు మార్పించడం.

ఆర్‌ఎన్‌ఏ సంగతి రెండు మాటల్లో. ప్రోటీన్ తయారీకి సమాచారం మోసే ఆర్‌ఎన్‌ఏలు రాన్ మీద ఆధారపడవు. వాటికి వేరే వాహకం ఉంది. బయటి అంచున ఏటీపీతో పనిచేసే డీబీపీ5 అనే ప్రోటీన్ ఆ వాహకాన్ని ఊడదీసి, ఆర్‌ఎన్‌ఏ వెనక్కి జారకుండా చేస్తుంది. కుట్టని దోమ జాతి ఒకదాని లార్వా లాలాజల గ్రంథుల్లో ఈ ఆర్‌ఎన్‌ఏ ఉండలు 50 నానోమీటర్ల లావున ఉంటాయి. రంధ్రం దగ్గరికి వచ్చి అవి చుట్ట విప్పుకుని, ఒక కొసను ముందు పెట్టి దారంలా దూరడం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపిస్తుంది.

గుమ్మం ఎవరినీ ప్రశ్నించదంటే దొంగకు అంతకన్నా ఏం కావాలి? రెట్రోవైరస్‌లు తమ జన్యువులను మన డీఎన్‌ఏలో కలిపేయాలంటే కేంద్రకంలోకి వెళ్లక తప్పదు. ఎలుకల్లో లుకేమియా తెచ్చే వైరస్ లాంటివి కణం విభజన చెంది తొడుగు కరిగేదాకా కాచుకుంటాయి. హెచ్ఐవీ కాచుకోదు. విభజన చెందని కణాల్లోకి కూడా చొరబడుతుంది. దాని జన్యుపదార్థం శంకువు ఆకారపు పెంకులో ఉంటుంది. పెంకు పొడవు 120 నానోమీటర్లు, వెడల్పు 60. కట్టడానికి దాదాపు 1,500 ప్రోటీన్లు కావాలి. రంధ్రం గుండా పంపగలిగిన అతి పెద్ద బంగారు రేణువు 39 నానోమీటర్లది. కాబట్టి పెంకు బయటే పగిలిపోయి తీరాలని పుస్తకాలన్నీ రాశాయి. 2021లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు సోకిన కణాలను గడ్డకట్టించి చూస్తే, చెక్కుచెదరని పెంకులు రంధ్రం మధ్యలో దర్శనమిచ్చాయి. బతికున్న కణంలో రంధ్రం మనం అనుకున్నదానికన్నా వెడల్పుగా ఉంటుందనీ అప్పుడే తెలిసింది.

అంత పెద్ద పెంకు పోగుల్లోంచి ఎలా దూరింది? 2024లో రెండు బృందాలు విడివిడిగా ఒకే జవాబు చెప్పాయి. పెంకులోని ప్రతి ప్రోటీన్ మీదా ఫినైల్‌అలనైన్, గ్లైసిన్ జంట సరిగ్గా ఇమిడే చిన్న గుంట ఉంది. వెయ్యికి పైగా గుంటలతో ఆ పెంకే ఒక పెద్ద ఇంపోర్టిన్‌లా నడుచుకుంటోంది. దానికి ప్రవేశ సంకేతంతోనూ పని లేదు, వాహకంతోనూ పని లేదు.

ఆ గుంటలోనే కూర్చునే మందు లెనకాపవిర్. అది పెంకును పోగులతో పొత్తు కుదరకుండా చేస్తుంది. కొత్త పెంకులు సరిగా కట్టుకోకుండా కూడా అడ్డుపడుతుంది. రెండు వైపులా దెబ్బ కాబట్టి చాలా తక్కువ మోతాదు చాలు. ఆరు నెలలకు ఒకసారి సూది వేయించుకుంటే సరిపోతుంది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో యువతుల మీద జరిపిన పరీక్షలో ఈ మందు పుచ్చుకున్న 2,134 మందిలో ఒక్కరికి కూడా హెచ్ఐవీ సోకలేదని 2024లో వెల్లడైంది. నివారణ మందుగా అమెరికా 2025 జూన్‌లో అనుమతించింది. అక్కడ దాని జాబితా ధర ఏడాదికి 28 వేల డాలర్లకు పైచిలుకు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశంలో హెచ్ఐవీ బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఈ మందును 120 దేశాల కోసం చౌకగా తయారుచేయడానికి 2024 అక్టోబరులో లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో రెండు హైదరాబాదువే: డాక్టర్ రెడ్డీస్, హెటిరో. హెటిరోకు విశాఖకు దక్షిణాన, నక్కపల్లి దగ్గర పెద్ద కర్మాగారం ఉన్న సంగతి ఇటువైపు వాళ్లకు తెలిసిందే. 2027 నుంచి మనిషికి ఏడాదికి 40 డాలర్ల చొప్పున సరఫరా చేస్తామని ఈ రెండు కంపెనీలూ 2025 సెప్టెంబరులో వేర్వేరు దాతృ సంస్థలతో ఒప్పందాలు ప్రకటించాయి.